చెక్‌లిస్టు నోటికొచ్చిన పైలట్లు కూడా విమానం చక్రాలు దించడం ఎలా మర్చిపోతారు?

చంద్రగిరి కుర్రాడు:

అన్నలకూ అక్కలకూ నమస్కారం. మాది చంద్రగిరి. సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) ట్రైనింగ్‌లో ఉన్నాను, సింగిల్ ఇంజిన్ గంటలు దాదాపు అయిపోవచ్చాయి, సెలవులకి ఇంటికొచ్చాను, తిరిగి వెళ్ళగానే ట్విన్ (రెండు ఇంజిన్ల విమానం) మొదలవుతుంది. ఇప్పటిదాకా నడిపింది సెస్నా 172. దానికి చక్రాలు ఎప్పుడూ కిందే ఉంటాయి కాబట్టి ఆ గొడవే లేదు. ఇప్పుడు ఎక్కబోయేది గేర్ (చక్రాలు) లోపలికి మడుచుకునే విమానం, అందుకే ఈ ప్రశ్న.

ఈ మధ్య ఒక చోట (ఏ స్కూలో ఏ ఊరో చెప్పను, ఇక్కడ అవసరం లేదు) ఒక ట్విన్ చక్రాలు దించకుండానే రన్‌వే మీద కూర్చుంది. లోపల స్టూడెంటూ ఇన్‌స్ట్రక్టరూ ఇద్దరూ ఉన్నారు, దేవుడి దయవల్ల ఇద్దరికీ ఏమీ కాలేదు. నేను విన్నది ఏంటంటే, డౌన్‌విండ్‌లో (దిగే ముందు రన్‌వే పక్కగా, దానికి ఎదురు దిశలో పోయే భాగంలో) ఉండగా టవర్ వాళ్ళు మీ ముందు ఇంకో విమానం ఉంది, కాస్త దూరం పోయి తిరగండి అన్నారట, తర్వాత ఆ విమానం కనబడిందా అని అడిగారట, దాన్ని వెతుక్కుంటూనే బేస్ (రన్‌వే వైపు అడ్డంగా వచ్చే భాగం) తిరిగి, ఫైనల్స్‌కి (రన్‌వేకి నేరుగా వచ్చే ఆఖరి భాగానికి) వచ్చి, అలాగే దిగిపోయారట.

నాకు తల తిరుగుతోంది. గేర్ దిగకపోతే హారన్ మోగుతుంది, మూడు పచ్చ లైట్లు వెలగవు, చేతిలో చెక్‌లిస్టు ఉంది, పక్కన వేల గంటలు నడిపిన మనిషి ఉన్నాడు. ఇన్ని ఉండి కూడా ఇద్దరికిద్దరూ ఎలా మర్చిపోతారు? ఇంకో సంగతి, మా సీనియర్ ఒకాయన "లిస్టు కాగితం చెక్ రైడ్ (పరీక్ష) రోజు చూపించడానికే, సర్క్యూట్‌లో (దిగడానికి రన్‌వే చుట్టూ తిరిగేటప్పుడు) అంత టైం ఎక్కడుంటుంది, నోటికి చదువుకుంటే చాలు" అంటాడు. ఆయన బాగా నడుపుతాడు, అందుకే కొట్టిపారేయలేకపోతున్నా. అనుభవమున్నవాళ్ళు చెప్పండి.

చిత్తూరు అక్క (ఇన్‌స్ట్రక్టర్):

తమ్ముడూ, మాది చిత్తూరే, గ్రీమ్స్‌పేట. ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తున్నాను. నీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది, "కాస్త దూరం పోయి తిరగండి" అన్న దగ్గర.

మామూలు రోజున గేర్ ఎక్కడ దించుతాం? డౌన్‌విండ్‌లో, రన్‌వే మొదలు మన రెక్క పక్కకు రాగానే. ఆ చోటే మనకు గుర్తుచేస్తుంది. రన్‌వే అంచు కనబడుతుంది, చెయ్యి దానంతట అదే లీవర్ మీదకు పోతుంది. ప్రతిసారీ మనం లిస్టు గుర్తుపెట్టుకుని చేస్తున్నాం అనుకుంటాం గానీ, నిజానికి ఆ చోటు మన చేత చేయిస్తోంది. సరిగ్గా ఆ క్షణంలో టవర్ ఏదో అడిగింది అనుకో, జవాబు చెప్పి ముందు విమానాన్ని వెతికేలోపు ఆ చోటు వెనక్కి వెళ్ళిపోయింది. ఇక ముందు గుర్తుచేసేది ఏమీ లేదు. బేస్‌లో కనబడేవి బేస్ పనులను గుర్తుచేస్తాయి, ఫైనల్స్‌లో కనబడేవి ఫైనల్స్ పనులను. దాటిపోయిన పనిని ఎవరూ పిలవరు. నాసాలో కీ డిస్ముకెస్ అనే ఆయన ఏళ్ళ తరబడి చదివింది ఇదే, తర్వాత చేద్దాం అని పక్కన పెట్టిన పనిని మనిషి మెదడు ఎలా జారవిడుస్తుంది అని. అనుభవమున్న పైలట్లకు కూడా ఇది జరగడానికి కారణం అక్కడే ఉంది. వాళ్ళ చేతులకు అలవాటు గట్టిగా పడి ఉంటుంది, అలవాటు తెగిందన్న అనుమానం రాదు. పైగా నిన్నటి ల్యాండింగ్, మొన్నటి ల్యాండింగ్ అన్నీ కలిసిపోయి "దించేశాను" అన్న జ్ఞాపకం అబద్ధంగా తయారై కూర్చుంటుంది.

మరి లిస్టు చదివారు కదా అంటావు. చదివే ఉండొచ్చు! "గేర్" అని ఒకరు, "డౌన్, త్రీ గ్రీన్స్" అని ఇంకొకరు, కళ్ళు మాత్రం అద్దంలోంచి బయట విమానం మీద. డెగానీ, వీనర్ అని ఇద్దరు 1990లో నాసాకు చెక్‌లిస్టుల మీదే ఒక పెద్ద రిపోర్టు రాశారు, అందులో ఈ సంగతి ఉంది: రోజూ కనబడేదే ఈ రోజూ కనబడుతుందని మనసు ముందే అనుకుంటుంది, అనుకున్నదే చూస్తుంది. చూడకుండానే నోరు జవాబు చెప్పేస్తుంది. ఇద్దరు ఉన్నారన్న ధైర్యం కూడా దీనికి తోడు. స్టూడెంట్ చూశాడులే అని ఇన్‌స్ట్రక్టర్, సార్ ఉన్నారు కదా అని స్టూడెంట్.

ఇంకొకటి చెప్తా, 172కి ఆ గొడవ లేదు అన్నావు, అది సగమే నిజం. చక్రాల గొడవ లేదు, మిగతావి ఉన్నాయి. కార్బురేటర్ ఉన్న 172 అయితే ఇంజిన్ తగ్గించే ముందు కార్బ్ హీట్ (కార్బురేటర్‌లో మంచు కట్టకుండా వేడిగాలి పంపే మీట) వెయ్యాలి. మన తిరుపతిలో కార్తీక మాసం వానలప్పుడు గాలిలో ఎంత తేమ ఉంటుందో తెలుసు కదా, అలాంటి గాలిలో బయట 20 డిగ్రీలు దాటి ఉన్నా కార్బురేటర్ గొంతులో మంచు కడుతుంది, అదీ థ్రాటిల్ (ఇంజిన్ పవర్ మీట) తగ్గించినప్పుడే ఎక్కువ. ఫ్యూయల్ సెలెక్టర్ (ఏ ట్యాంకు నుంచి పెట్రోలు రావాలో ఎంచుకునే మీట) సంగతి, 172లో "బోత్" ఉంది కాబట్టి దాని మీద ఉంచి మర్చిపోతాం, అదే పైపర్ పీఏ 28 గానీ పెట్రోలు డీఏ 40 గానీ ఎక్కితే ఎడమ ట్యాంకో కుడి ట్యాంకో ఏదో ఒకటే. ఒక రెక్క నిండా పెట్రోలు ఉండగానే ఇంజిన్ ఆగి పొలాల్లో దిగినవాళ్ళు చాలామంది ఉన్నారు.

వీటన్నిటికంటే నేను భయపడేది వేరే. డౌన్‌విండ్ చెక్స్ వదిలేసినవాడు వాటిని ఎక్కడ చేస్తాడు? బేస్ నుంచి ఫైనల్స్‌కి తిరిగేటప్పుడు తల కిందికి వంచి చేస్తాడు. స్పీడు అక్కడే పడిపోతుంది. రన్‌వే సెంటర్ దాటి బయటికి పోతున్నాం అనిపించి రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే పెడల్) ఎక్కువ తొక్కుతాడు, ముక్కు పైకి లాగుతాడు. 500 అడుగుల్లో స్టాల్ అయి (రెక్కలు విమానాన్ని మోయలేక) స్పిన్‌లో (గింగిరాలు తిరుగుతూ) పడితే లేపే ఎత్తు ఎవరికీ లేదు. రిపోర్టులో "తక్కువ ఎత్తులో స్టాల్" అని రాస్తారు. ఆ కథ ఒక నిమిషం ముందు, వదిలేసిన లిస్టుతో మొదలైందన్నది చాలాసార్లు ఎవరికీ కనబడదు. చక్రాలు మర్చిపోతే ఎక్కువసార్లు మనిషి బయటికి నడిచి వస్తాడు, ఇక్కడ రాడు.

పుత్తూరు ఏఎంఈ:

బ్రదర్, నేను ఏఎంఈని (విమానాల మెయింటెనెన్స్ ఇంజినీర్‌ని), మా వైపు నుంచి హారన్ గురించి చెప్తాను, ఎందుకంటే హారన్ ఉంది కదా అన్న ధైర్యమే చాలామందిని ముంచుతోంది.

హారన్‌కు రన్‌వే ఎక్కడుందో తెలీదు. చాలా చిన్న విమానాల్లో అది థ్రాటిల్‌కో, మానిఫోల్డ్ ప్రెజర్‌కో (ఇంజిన్‌లోకి పోయే గాలి ఒత్తిడికి), ఫ్లాప్స్‌కో (దిగేటప్పుడు రెక్క వెనక అంచు నుంచి దించే పలకలకు) కట్టి ఉంటుంది. థ్రాటిల్ బాగా వెనక్కి లాగినప్పుడో, ఫ్లాప్స్ ఒక మేర దాటి దించినప్పుడో గేర్ లాక్ అయి లేకపోతే మోగుతుంది, అంతే. ఇప్పుడు నువ్వు చెప్పిన కేసు చూడు. టవర్ దూరం పంపింది, అంటే ఫైనల్స్ పొడుగైంది, అంత దూరం నుంచి రావాలంటే పవర్ పెట్టుకునే రావాలి, ఫ్లాప్స్ కూడా ఆలస్యంగా వేసి ఉంటారు. థ్రాటిల్ పూర్తిగా మూసేది రన్‌వే మీద ఫ్లేర్ చేసేటప్పుడే (నేలకు తగిలేముందు ముక్కు కాస్త ఎత్తేటప్పుడే). హారన్ అప్పుడు మోగుతుంది. సరిగ్గా అదే టైంలో స్టాల్ వార్నింగ్ కూడా మోగుతుంది, అది మోగడం మంచి ల్యాండింగ్‌కి గుర్తు అని మీకు మొదటి రోజు నుంచీ నేర్పి ఉంటారు. ఆ రెండు చప్పుళ్ళు కలిసిపోతే చెవికి తేడా తెలియదు. మీ కొత్త విమానం ఎక్కగానే మీ ఇంజినీర్‌ను అడిగి, జాకుల మీద ఎక్కించినప్పుడు ఆ హారన్ ఎలా మోగుతుందో ఒకసారి వినిపించమను. స్టాల్ వార్నింగ్ కూడా విను. నిజంగా అడుగు, ఎవరూ కాదనరు.

లైట్ల గురించి కూడా ఒక ముక్క. కొన్ని పైపర్లలో నావిగేషన్ లైట్లు వేస్తే గేర్ లైట్లు రాత్రి కళ్ళకు కొట్టకుండా మసకబారుతాయి. పగలు ఎవరైనా ఆ స్విచ్ వేసి ఉంచితే, ఎండలో మూడు పచ్చ లైట్లూ ఆరిపోయినట్టే ఉంటాయి. గేర్ దిగే ఉంటుంది, మీరు మాత్రం గాభరాపడి దాని వెంట పడతారు. అలా వెంటపడటం ఎంత ప్రమాదమో 1972 డిసెంబర్ 29 రాత్రి మయామీలో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 చూపించింది. పెద్ద ట్రైస్టార్ విమానం, ముందు చక్రం లైటు వెలగలేదు. బల్బు మాడిపోయింది, చక్రం మాత్రం దిగే ఉంది. కాక్‌పిట్‌లో ఉన్నవాళ్ళంతా ఆ బల్బు చుట్టూ మూగారు, ఆటోపైలట్ ఎత్తు పట్టి ఉంచడం మానేసిందని ఎవరూ చూడలేదు, విమానం నెమ్మదిగా దిగుతూ దిగుతూ చిత్తడి నేలలో పడింది. 101 మంది పోయారు. బల్బు చూడొద్దని కాదు నేను చెప్పేది. ఎత్తుకు ఎక్కి, సర్క్యూట్ బయటికి పోయి, ఒకరు విమానం నడుపుతుంటే ఇంకొకరు చూడాలి. ఒక్కడివే ఉంటే ముందు విమానం నడుపు. పైపర్ సెనెకా లాంటి ట్విన్లలో గేర్‌ను పైన పట్టి ఉంచేది హైడ్రాలిక్ ఒత్తిడే, ఎమర్జెన్సీ నాబ్ లాగితే ఆ ఒత్తిడి పోయి గేర్ బరువుకే కిందికి జారుతుంది. అంటే టైం ఉంది, తొందర లేదు.

ఇక చక్రాలు లేకుండా దిగితే ఏమవుతుంది? ప్రొపెల్లర్ నేలకు కొట్టుకుంటుంది. బయటికి బ్లేడు వంగినట్టే కనబడుతుంది గానీ ఆ దెబ్బ క్రాంక్‌షాఫ్ట్ దాకా పోతుంది, ఇంజిన్ మొత్తం విప్పి చూడాల్సిందే. ట్విన్ అయితే రెండు ఇంజిన్లూ. ఇన్సూరెన్స్ వాళ్ళు చాలాసార్లు విమానాన్ని వదిలేసుకోవడమే నయం అంటారు. డబ్బు సంగతి వదిలెయ్. అసలు ప్రమాదం ఇది: గరగరమని చప్పుడు రాగానే ఉలిక్కిపడి ఫుల్ థ్రాటిల్ ఇచ్చి మళ్ళీ ఎగరాలని చూసేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చెయ్యకు. 2020 మే 22న కరాచీలో పీఐఏ ఏ320 చేసింది అదే. చాలా ఎత్తులో, చాలా స్పీడులో వచ్చారు, ముందు దించిన గేర్‌ను మధ్యలో మళ్ళీ పైకి లాగేశారు, వార్నింగులు మోగుతూనే ఉన్నాయి, ఇంజిన్లు రన్‌వేకి రాసుకున్నాక మళ్ళీ లేచారు. దెబ్బతిన్న ఇంజిన్లు రెండూ ఆగిపోయి ఇళ్ళ మీద పడింది, లోపలున్న 99 మందిలో 97 మంది చనిపోయారు. దిగేటప్పుడు వాళ్ళ మాటలు కరోనా మీద ఉన్నాయని అప్పట్లో పాకిస్తాన్ మంత్రే పార్లమెంటులో చెప్పారు. పెద్ద విమానమైనా చిన్నదైనా, నేలకు తగిలాక నేల మీదే ఉండాలి.

రేణిగుంట నుంచి (రిటైర్డ్ లోకో పైలట్):

నాకు విమానాల గురించి తెలియదు నాయనా, మా మనవడు ఈ పేజీ చూపించాడు. కానీ ఆ అమ్మాయి చెప్పిన "చూడకుండానే నోరు జవాబు చెప్పేస్తుంది" అన్న మాట చదివి రాయకుండా ఉండలేకపోయాను. గుంతకల్లు డివిజన్‌లోనే నా సర్వీసంతా అయింది.

మా దగ్గర సిగ్నల్ కనబడగానే అసిస్టెంటూ డ్రైవరూ ఇద్దరూ చెయ్యి చాపి దాని పేరు, దాని రంగు గట్టిగా పలకాలి. క్యాబ్‌లో వినేవాళ్ళు ఎవరూ లేకపోయినా పలకాలి. కొత్తగా వచ్చిన పిల్లలకు మొదట్లో సిగ్గుగా ఉంటుంది, ఎందుకు సార్ ఇద్దరికీ కనబడుతోంది కదా అంటారు. ఆ చెయ్యి చాపడంలోనే కిటుకు ఉంది. చెయ్యి దేని మీదకు పోతుందో కళ్ళు దాని మీదకు పోక తప్పదు. నోటితో మాత్రమే చెప్పేవాడు పచ్చ అనేస్తాడు, చెయ్యి చాపినవాడికి అది పసుపు అని కనబడుతుంది. ఇంకోటి, ఇద్దరిలో ఒకడు ఇంకొకడి మాటను వల్లించకూడదు, ఎవడి కళ్ళతో వాడు చూసి చెప్పాలి. రాత్రి మూడు గంటలకు, ఒకే దారిలో కొన్ని వందలసార్లు పోయినవాడికి, ఈ సిగ్నల్ ఎప్పుడూ పచ్చే అన్న నమ్మకం ఉంటుంది, దాన్ని విరగ్గొట్టడానికి ఇంతకంటే మంచి పద్ధతి నేను చూడలేదు. మీ మూడు లైట్లకు కూడా వేలు పెట్టి ఒక్కొక్కటి తాకి చెప్పు బాబూ.

బైరాగిపట్టెడ అమ్మ:

నమస్కారమండీ. మా అబ్బాయి కూడా ట్రైనింగ్‌లోనే ఉన్నాడు, సోలో మొదలైంది. అప్పుడప్పుడు కాక్‌పిట్‌లోంచి వీడియో తీసి పంపుతాడు, మేఘాలూ పొలాలూ అవీ. చూస్తే గర్వంగానే ఉంటుంది, చుట్టాలందరికీ చూపిస్తాను. ఇప్పుడు ఇదంతా చదివాక భయం పట్టుకుంది. ఫోన్ తియ్యడం కూడా మీరు చెప్పే పరధ్యానంలోకే వస్తుందా, లేక నేను అనవసరంగా టెన్షన్ పడుతున్నానా? వాడికి ఎలా చెప్పాలో కూడా చెప్పండి, అమ్మ చెబితే వినే వయసు కాదు.

చిత్తూరు అక్క:

అమ్మా, మీ భయం అనవసరం కాదు. 2014 మే 31 రాత్రి అమెరికాలో కొలరాడో దగ్గర ఒక సెస్నా 150 పడిపోయి లోపలున్న ఇద్దరూ చనిపోయారు. విమానంలో ఒక చిన్న కెమెరా ఉంది, దాంట్లో అంతకు ముందు ఎగిరిన వీడియోలు దొరికాయి, పైలటూ ప్రయాణికులూ ఫ్లాష్ వేసుకుని సెల్ఫీలు తీసుకుంటూ కనిపించారు. ఆఖరి ప్రయాణం అందులో లేదు, అయినా ఫోన్ వల్ల దృష్టి మళ్ళి విమానం అదుపు తప్పి ఉండొచ్చని అక్కడి ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. ఇంకోటి, 2010 మే 27న సింగపూర్‌లో దిగుతున్న జెట్‌స్టార్ ఏ321. కెప్టెన్ ఫోన్ ఆఫ్ చెయ్యడం మర్చిపోయాడు, దిగుతుండగా మెసేజ్‌లు టింగుటింగుమని రావడం మొదలైంది, ఆయన దాన్ని ఆపే పనిలో పడ్డాడు. గేర్ టైంకి దించలేదు, ల్యాండింగ్ లిస్టు చదవలేదు. 392 అడుగుల దగ్గర గో అరౌండ్ చేశారు (దిగకుండా మళ్ళీ పైకి లేచారు) కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. కొన్ని సెకన్ల ఫోన్ పని, అదీ పక్కన ఇంకో పైలట్ ఉండగా. మీ అబ్బాయి ఒక్కడే ఉంటాడు.

మాటలు కూడా అంతే. 1974 సెప్టెంబర్‌లో అమెరికాలో షార్లెట్ దగ్గర ఈస్టర్న్ 212 కూలిపోయి 70 మందికి పైగా పోయారు, పొగమంచులో దిగుతూ పైలట్లు రాజకీయాలూ పాత కార్లూ మాట్లాడుకుంటున్నారు. ఇలాంటివి జరిగాకే 1981లో అక్కడ ఎయిర్‌లైన్లకు రూల్ పెట్టారు, 10,000 అడుగుల కింద విమానం పనికి సంబంధం లేని మాట గానీ పని గానీ కాక్‌పిట్‌లో ఉండకూడదని. స్టెరైల్ కాక్‌పిట్ అంటారు. మన తిరుమల ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మలుపుల్లో డ్రైవర్‌ను ఎవరూ పలకరించరు చూడండి, అలాగే. చిన్న విమానానికి 10,000 అడుగుల లెక్క కుదరదు, మేము పిల్లలకు చెప్పేది సర్క్యూట్‌లోకి రాకముందే మాటలు ఆపాలని.

ఎలా చెప్పాలి అంటే, ఇంత పెద్ద కథలేవీ వద్దు. మీరు వీడియోలు అడగడం మానెయ్యండి, అంతే. పిల్లలు చాలాసార్లు ఇంట్లోవాళ్ళ సంతోషం కోసమే తీస్తారు. సోలోలో ఫోన్ ఆఫ్ చేసి, బ్యాగులో, వెనక సీట్లో పెట్టమనండి. కావాలంటే కిందికి దిగాక విమానం పక్కన నిలబడి ఫోటో తీసుకుంటాడు.

సొంత రెక్కలు (ప్రైవేట్ పైలట్):

అందరూ కాగితం కాగితం అంటున్నారు, నేను కొంచెం ఎదురు చెప్తాను. ఒంటరిగా ఎగిరేవాడు డౌన్‌విండ్‌లో మోకాలి మీద కాగితం చదువుతుంటే అదీ పరధ్యానమే కదా? బయట వేరే విమానాలు ఉంటాయి, రేడియో మాట్లాడాలి, ఎత్తు పట్టాలి. నేను గంప్స్ వాడతాను: గ్యాస్ (పెట్రోలు), అండర్‌క్యారేజ్ (చక్రాలు), మిక్చర్ (పెట్రోలూ గాలీ కలిసే పాళ్ళు), ప్రాప్ (ప్రొపెల్లర్), సీట్‌బెల్టులు. డౌన్‌విండ్‌లో ఒకసారి, బేస్‌లో ఒకసారి, ఫైనల్స్‌లో ఒకసారి. చక్రాలు మడవని విమానంలో కూడా "అండర్‌క్యారేజ్" అని పలుకుతాను, కిందికి చూస్తాను. ఆ కుర్రాడి సీనియర్ చెప్పిందాంట్లో అంత తప్పేమీ నాకు కనబడలేదు. ముద్రించిన లిస్టు నేల మీద ఉన్నప్పటికి, గాల్లో నోటి లిస్టే పని చేస్తుంది.

పుత్తూరు ఏఎంఈ:

సొంత రెక్కలు గారూ, మీరు మూడుసార్లు చెప్తున్నారు, కిందికి చూస్తున్నారు, అది ఆ సీనియర్ చెప్పినదానితో సమానం కాదు కదండీ. ఆయన "టైం ఎక్కడుంటుంది" అంటున్నాడు.

నోటి లెక్క ఎందుకు సరిపోదో మొదట తెలిసింది బోయింగ్ మోడల్ 299 విషయంలో. 1935 అక్టోబర్ 30న ఒహాయోలో రైట్ ఫీల్డ్ దగ్గర, తర్వాత బీ 17 బాంబర్ అయిన విమానం అది, లేచీ లేవగానే పైకి పైకి పోయి పడిపోయింది. గాలికి తోక భాగాలు కొట్టుకోకుండా నేల మీద వేసే లాక్‌ను తియ్యకుండా ఎగిరారు. నడిపింది మేజర్ ప్లోయర్ హిల్, ఎంతో అనుభవమున్న టెస్ట్ పైలట్, ఆయనా పోయాడు, బోయింగ్ టెస్ట్ పైలట్ లెస్ టవర్ కూడా పోయాడు. ఆ తర్వాతే పైలట్లు కూర్చుని కాగితం మీద లిస్టులు రాశారు. ఆయన చేతకానివాడైతే ఇంకో పైలట్‌ను పెట్టేవాళ్ళు. అంతటివాడికే జరిగింది కాబట్టి కాగితం పుట్టింది.

ఇంకో మాట, గంప్స్ ఒక్కటే అన్ని విమానాలకూ చాలదు. 2024 నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ట్రయల్ వేశారు గుర్తుందా? నీళ్ళ మీదా నేల మీదా రెండు చోట్లా దిగే ఆంఫీబియన్ విమానాల్లో నీళ్ళ మీదకు చక్రాలు లోపలే ఉండాలి. చక్రాలు దించి నీళ్ళ మీద దిగితే అవి నీటిని పట్టుకుని విమానం ముక్కు మీదుగా తిరగబడిపోతుంది, మనుషులు తలకిందులుగా నీళ్ళలో. చక్రాలు మర్చిపోయి రన్‌వే మీద దిగడం కంటే ఇది ఎన్నో రెట్లు ప్రాణాంతకం. అక్కడ "గేర్ డౌన్" అని అలవాటుగా అనేసే నోరే చంపుతుంది. "నేను దిగేది నీళ్ళ మీద, నాలుగు చక్రాలూ లోపల ఉన్నాయి" అని పూర్తిగా చెప్పి, చూసుకోవాలి.

చంద్రగిరి కుర్రాడు:

అక్కా, అన్నా, తాతగారూ, చాలా థ్యాంక్స్. రాత్రంతా ఇవే చదువుతూ కూర్చున్నా. రెండు సందేహాలు. మధ్యలో ఎవరైనా ఆపితే లిస్టు మొదటి నుంచీ చదవాలి అని మా క్లాసులో చెప్పారు, కానీ ఫైనల్స్‌లో 300 అడుగుల్లో ఉండగా గుర్తొస్తే మొదటి నుంచీ ఎప్పుడు చదవను? ఇంకోటి టచ్ అండ్ గో, అంటే దిగీ దిగగానే ఆగకుండా మళ్ళీ లేవడం. రన్‌వే మీద దొర్లుతూ ఫ్లాప్స్ లేపాలి, ట్రిమ్ సరిచెయ్యాలి, పవర్ ఇవ్వాలి, ఆ తొందరలో గేర్ లీవర్ మీద చెయ్యి పడితే?

పుత్తూరు ఏఎంఈ:

రెండోదానికి నేను చెప్తా. ఆ భయం ఇప్పటిది కాదు, రెండో ప్రపంచ యుద్ధం నాటిది. దిగాక ఫ్లాప్స్ లేపబోయి గేర్ లేపేసిన పైలట్లు ఎంతమందో. అమెరికన్ సైన్యంలో అల్ఫాన్స్ చపానిస్ అనే సైకాలజిస్టు చూసి, రెండు మీటలూ పక్కపక్కన ఒకేలా ఉన్నాయి, తప్పు మనిషిది అని ఎలా అంటారు అన్నాడు. గేర్ మీటకు చక్రం ఆకారం, ఫ్లాప్ మీటకు రెక్క ఆకారం పెట్టించాడు. ఇప్పుడు నీ విమానంలో గేర్ లీవర్ చివర గుండ్రంగా చక్రంలా ఉంటుంది చూడు, అందుకే. చెయ్యి వేశాక లాగే ముందు ఆ ఆకారాన్ని వేళ్ళతో తడిమి చూడు. నేల మీద గేర్ లేవకుండా స్క్వాట్ స్విచ్ ఉంటుంది గానీ దాన్ని నమ్ముకోవద్దు, దిగిన వెంటనే రెక్కలు ఇంకా బరువు మోస్తూనే ఉంటాయి, అప్పటికి చక్రాల మీద బరువు సరిగా పడి ఉండకపోవచ్చు.

చిత్తూరు అక్క:

నా అభిప్రాయం అయితే, మడుచుకునే గేర్ విమానం కొత్తలో టచ్ అండ్ గో వద్దు తమ్ముడూ. దిగు, రన్‌వే ఖాళీ చెయ్యి, ఆగు, ఆగాక లిస్టు తియ్యి. దొర్లుతూ ఏదీ ముట్టుకోవద్దు. గంటలు కాస్త ఖర్చవుతాయి, సీపీఎల్‌కి 200 గంటల లెక్కలో అవీ కలుస్తాయి కాబట్టి వృథా కాదు. మీ ఇన్‌స్ట్రక్టర్ వేరేలా అంటే ఆయనతో మాట్లాడు, ఆయన విమానాన్నీ నిన్నూ చూస్తున్నాడు, నేను చూడట్లేదు.

సొంత రెక్కలు గారి మాటలో నిజం ఉంది, డౌన్‌విండ్‌లో తల వంచి పేరాలు చదవమని నేను ఎవరికీ చెప్పను. పనులు చేతితో అలవాటు ప్రకారం చేసెయ్, ఆ తర్వాత లిస్టు తీసి చేసినవాటిని సరిచూసుకో. ముద్రించిన ల్యాండింగ్ లిస్టు ఐదారు లైన్లకు మించదు, ఎత్తి కళ్ళ ఎదురుగా పట్టుకుంటే తల వంచక్కర్లేదు కూడా. గంప్స్ ఆ తర్వాత, ఫైనల్స్‌లో ఆఖరి వల. రెండూ కావాలి.

300 అడుగుల ప్రశ్న మంచిది. అక్కడ చదవకూడదు. 300 అడుగుల్లో "చదివానా లేదా" అన్న అనుమానం వచ్చిందంటే జవాబు గో అరౌండ్, అంతే, ఆలోచించేది ఏమీ లేదు. ఫుల్ పవర్, కార్బ్ హీట్ ఉంటే ఆఫ్ (అది వేసే ఉంచితే ఎక్కడానికి కావలసిన పవర్ రాదు, ఇదీ చాలామంది మర్చిపోతారు), ముక్కు పట్టుకో, ఫ్లాప్స్ మెల్లగా ఒక్కో మెట్టు. ఒక ఎత్తు ముందే పెట్టుకో. మా దగ్గర మామూలు వాతావరణంలో 500 అడుగులు. అక్కడికి వచ్చేసరికి స్పీడు సరిగా ఉందా, సెంటర్‌లైన్ మీద ఉన్నానా, లిస్టు పూర్తయిందా, మూడు లైట్లను తాతగారు చెప్పినట్టు ఒక్కొక్కటి వేలితో తాకానా. ఒక్కదానికి "ఏమో" అన్నా మళ్ళీ తిరిగి వచ్చెయ్. గో అరౌండ్ చేసినందుకు ఏ స్టూడెంట్‌నూ ఒక్క మాట అనే ఇన్‌స్ట్రక్టర్ ఉండకూడదు. ఉంటే నాకు చెప్పు.

ఇక టవర్ "దూరం పొమ్మంది" అన్న దగ్గర ఏం చెయ్యాలో. గేర్ దించే చోటు దగ్గరపడిన క్షణంలో పిలుపు వస్తే రెండు దారులున్నాయి. ఒకటి, ముందు గేర్ దించు, తర్వాత జవాబు చెప్పు, టవర్ మూడు సెకన్లు ఆగుతుంది, తప్పులేదు, కావాలంటే "స్టాండ్‌బై" అను. రెండోది, నిజంగా ఆలస్యంగా దించాల్సి వస్తే, ఏదో ఒక వింత పని చేసి పెట్టుకో. నేను లిస్టు కార్డును థ్రాటిల్ మీదకు, చేతికి అడ్డం వచ్చేలా పెట్టిస్తాను. పవర్ తగ్గించాలంటే దాన్ని తియ్యక తప్పదు, తీసేటప్పుడు చదవక తప్పదు. నువ్వు తిరిగి వెళ్ళాక, విమానం ఎక్కకముందే, ఆగి ఉన్న ట్విన్‌లో కూర్చుని మీ ఇన్‌స్ట్రక్టర్‌ను టవర్‌లా మాట్లాడమను, సరిగ్గా గేర్ లీవర్ మీదకు చెయ్యి పోతున్నప్పుడు ఆపమను. వేర్వేరు చోట్ల ఆపమను. ట్విన్ మొదటి గంట ఎక్కేముందే అది చెయ్యి, ఎలా జరిగిందో ఇక్కడ రాయి.